హైదరాబాద్‌లోనే ఉండాలా, డాలస్‌కా, దుబాయ్‌కా? పన్ను వైపు నుంచి ఒక పోలిక

ఆ మధ్య ఒక ఆదివారం మా మేనల్లుడు ఇంటికి వచ్చి ఫోనులో రెండు నియామక పత్రాలు చూపించాడు. ఒకటి దుబాయ్‌ది, ఇంకొకటి డాలస్‌ది. గచ్చిబౌలిలో ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం ఎలాగూ ఉంది. "మామయ్యా, వీటిలో ఎక్కడ పన్ను తక్కువ?" అన్నాడు.

హిమాయత్‌నగర్‌లో ఆడిటరుగా కూర్చున్న నాకు ఏడాది పొడవునా వినిపించే ప్రశ్న ఇది. జవాబు ఒక్క మాట: దుబాయ్. కానీ ఆ ఒక్క మాట విని విమానం ఎక్కినవాళ్లలో కొందరు పదేళ్ల తర్వాత వేరే ప్రశ్నతో తిరిగి వస్తారు. అక్కడ పింఛను లేదు, పౌరసత్వం లేదు, పిల్లవాడి కాలేజీ ఫీజు మీద పడింది, ఇప్పుడేం చేయాలి అని. అందుకని వాడికి చెప్పినదంతా ఇక్కడ రాస్తున్నాను. పోలిక కోసం లండన్, సింగపూర్, స్టాక్‌హోమ్‌లనూ కలిపాను. అంకెలన్నీ 2025-26 నాటివి.

ముందు కొలతలు

చేతికి ఎంత మిగులుతుందన్నది మొదటి కొలత. అందరూ చూసేది, చాలామంది ఆగిపోయేది అక్కడే. మిగిలినదాన్ని ఖర్చు పెట్టేటప్పుడు దుకాణంలో, పెట్రోలు బంకులో, ఇంటి రిజిస్ట్రేషన్‌లో మళ్లీ ఎంత పోతుందన్నది రెండోది. కట్టిన డబ్బు బడిగా, ఆసుపత్రిగా, పింఛనుగా తిరిగి వస్తుందా, వచ్చే వేళకు మీరు ఆ దేశంలో ఉంటారా అన్నది మూడోది. ఆ దేశం జీతం మీద పన్ను వేస్తోందా, ఆస్తి మీదా అన్నది నాలుగోది. ఆఖరిది, ఆ పన్ను ఎంత ఉండాలో, దేనికి ఖర్చు కావాలో నిర్ణయించే చోట మీకు ఓటు ఉందా అన్నది.

నేను మూడోదానికీ అయిదోదానికీ ఎక్కువ బరువు ఇస్తాను. మా మేనల్లుడు మొదటిదానికే ఇచ్చాడు. ఇరవై ఆరేళ్ల వయసు, తప్పు పట్టను.

| ఊరు | ఉదాహరణకు ఏడాది జీతం | ఆదాయ పన్ను, తప్పనిసరి సామాజిక భద్రతా చందా కలిపి | వస్తువుల మీద పన్ను (శాతం) | వారసత్వ పన్ను | భారత పౌరుడికి ఓటు |
|---|---|---|---|---|---|
| హైదరాబాద్ | 30 లక్షల రూపాయలు | 15.9 శాతం | ఎక్కువగా 5 లేదా 18, కొన్నిటికి 40 | లేదు | ఉంది |
| డాలస్ | 1,20,000 డాలర్లు | ఒంటరికి 22.5, ఒకరే సంపాదించే జంటకు 16.1 | 8.25 | ఉంది | లేదు |
| లండన్ | 60,000 పౌండ్లు | 24.4 | 20 | ఉంది | ఉంది |
| సింగపూర్ | 1,20,000 సింగపూర్ డాలర్లు | సుమారు 6.6 | 9 | లేదు | లేదు |
| దుబాయ్ | ఎంతైనా | 0 | 5 | లేదు | లేదు |
| స్టాక్‌హోమ్ | 6,00,000 క్రోనర్లు | పావు వంతుకు కాస్త తక్కువ | 25 | లేదు | మూడేళ్ల నివాసం తర్వాత స్థానిక ఎన్నికల్లో |

ఈ జీతాలు ఒకదానికొకటి సమానం కావు. ఆయా ఊళ్లలో మన ఇంజనీర్లకు రాగలిగే మొత్తాలను తీసుకున్నాను. హైదరాబాద్ లెక్క కొత్త పన్ను విధానం ప్రకారం. భవిష్య నిధి మీ సొమ్మే కాబట్టి దాన్ని కలపలేదు.

పట్టికలో రెండు చోట్ల ఆగి చూడండి. ఒకే జీతంతో నడిచే జంటకు హైదరాబాద్‌లోనూ డాలస్‌లోనూ పన్ను దాదాపు ఒకటే. అమెరికాలో భార్యాభర్తలు కలిసి ఒకే రిటర్ను వేయవచ్చు, ఇక్కడ ఆ వీలు లేదు. రెండోది వారసత్వ పన్ను. పెట్టుబడిదారీ దేశాలని మనం వేలెత్తి చూపే అమెరికా, బ్రిటన్‌లలో అది ఉంది. సమానత్వానికి పేరుపడ్డ స్వీడన్‌లో లేదు. సోషలిస్టు అన్న మాటను రాజ్యాంగ పీఠికలో రాసుకున్న మన దేశంలోనూ లేదు. మన ఎస్టేట్ సుంకం 1985లో పోయింది, సంపద పన్ను 2015 బడ్జెట్‌తో పోయింది. 2024 ఎన్నికల ప్రచారంలో ఒకాయన ఆ ఊసెత్తితే సొంత పార్టీయే ఉలిక్కిపడి తనకు సంబంధం లేదంది. బ్రిటన్‌లో మాత్రం సాధారణంగా 3,25,000 పౌండ్లు దాటిన ఆస్తి మీద 40 శాతం కట్టాలి. అమెరికాలో పరిమితి 2026 నుంచి 1.5 కోట్ల డాలర్లు, అది దాటేవాళ్లు చాలా కొద్దిమంది.

హైదరాబాద్: తెలిసిన ఊరు, తెలియని లెక్క

ఇక్కడ ఉద్యోగికి 12.75 లక్షల వరకు ఆదాయ పన్ను లేదు. ఆపైన మెట్లు ఎక్కుతూ 24 లక్షలు దాటిన భాగం మీద 30 శాతం, దాని మీద నాలుగు శాతం సెస్సు. తెలంగాణ వృత్తి పన్ను నెలకు రెండు వందలు, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ప్రపంచ కొలతల్లో ఇది భారీ పన్ను కాదు. 1973-74లో మన దేశంలో పై మెట్టు మీద పన్ను సర్‌ఛార్జీతో కలిపి 97.75 శాతం. ఆ మెట్టులో వంద సంపాదిస్తే రెండు రూపాయల పావలా మిగిలేది. అంత పన్ను కాగితం మీదే ఉండేది, డబ్బు బీరువాలో ఉండేది.

అయినా జీతగాడు గొణుగుతూనే ఉంటాడు. కాయలున్న చెట్టుకే రాళ్లు. అతని పన్ను జీతం చేతికి రాకముందే కోతపడుతుంది, దాచడానికి సందు లేదు. 2023-24లో వ్యక్తుల ఆదాయ పన్ను వసూళ్లు కంపెనీల పన్ను వసూళ్లను మించాయి. కంపెనీలకు 2019లోనే రేటు 22 శాతానికి దిగింది. ఇక్కడ మంచినీళ్లకు ట్యాంకరు, బడికి ప్రైవేటు, జ్వరానికి కార్పొరేటు, గేటు దగ్గర కాపలాకు అపార్ట్‌మెంటు సంఘం. ఒకే పనికి రెండుసార్లు చెల్లిస్తున్నామన్న బాధ అబద్ధం కాదు.

కానీ బాధకు రెండో పక్క కూడా ఉంది. మా మేనల్లుడు ఇంజనీరింగ్ చదివింది ఫీజు రీయింబర్స్‌మెంటుతో. ఆ డబ్బు బిస్కట్ పొట్లం కొన్న ఆటో డ్రైవరూ పెట్రోలు పోయించుకున్న కూరగాయల వ్యాపారీ కట్టిన పన్ను. పెట్రోలు ఇప్పటికీ జీఎస్టీలోకి రాలేదు, తెలంగాణలో దాని మీద వ్యాట్ 35.2 శాతం. విల్లా యజమానికీ డెలివరీ కుర్రాడికీ లీటరు మీద పన్ను ఒకటే. సెప్టెంబరు 2025లో జీఎస్టీ మెట్లు తగ్గించి, వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద పన్ను ఎత్తేయడం వల్ల కొంత ఊరట దక్కింది. పెట్రోలు జోలికి మాత్రం ఎవరూ పోలేదు. ఆ రాబడి లేకపోతే రాష్ట్రాల బండి కదలదు.

ఇక అందరూ గుసగుసగా మాట్లాడే సంగతి. వ్యవసాయ ఆదాయానికి కేంద్ర పన్ను లేదు, దాని మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలదని రాజ్యాంగం చెబుతోంది. వికారాబాద్‌లో రెండెకరాల పత్తి రైతుకు ఈ మినహాయింపు ఉన్నా లేకున్నా ఒకటే, అతని ఆదాయం ఎలాగూ పన్ను పరిమితి దగ్గరికి కూడా రాదు. లాభం దక్కేది ఎకరాలకు ఎకరాలు పట్టుకుని, నగరంలో సంపాదించిన డబ్బును మామిడి తోట ఆదాయంగా చూపగలిగినవాడికి. రైతు పేరు చెప్పి రైతుకాని వాడిని కాపాడే ఈ ఏర్పాటును ఏ పార్టీ ముట్టుకోదు. నా దృష్టిలో మన పన్ను వ్యవస్థలో అతిపెద్ద అన్యాయం ఇదే.

"మనం కట్టింది ఢిల్లీకి పోతోంది" అన్న ఫిర్యాదు కూడా ఇక్కడ గట్టిగానే వినిపిస్తుంది. కేంద్రం రాష్ట్రాలకు పంచే మొత్తంలో తెలంగాణ వాటా పద్నాలుగో ఆర్థిక సంఘం కాలంలో 2.437 శాతం, పదిహేనోదాని కాలంలో 2.102 శాతానికి తగ్గింది. కోపం న్యాయమే. అయితే హైదరాబాద్ సొమ్ము హైదరాబాద్‌కే అన్న సూత్రం పట్టుకుంటే ఆదిలాబాద్ ఏం కావాలి? ఢిల్లీని అడిగే నోటితో ఆ ప్రశ్నకూ జవాబు చెప్పాలి.

అమెరికా: ఏ రాష్ట్రమన్నదే సగం జవాబు

డాలస్ వెళ్లినవాళ్లు మొదట చెప్పేది "టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయ పన్ను లేదు" అని. నిజమే, 2019లో అక్కడి ఓటర్లు అలాంటి పన్నును రాజ్యాంగంలోనే నిషేధించారు. బడులు నడవాలి కాబట్టి ఆ డబ్బు ఇంటి మీద పడుతుంది. డాలస్ శివార్లలో ఇంటి విలువలో ఏటా ఒకటిన్నర నుంచి రెండు శాతానికి అటూ ఇటూ ఆస్తి పన్ను. ఇల్లు అప్పు తీరిపోయినా ఈ బిల్లు తీరదు. ఉద్యోగం పోయిన ఏడాది కూడా వస్తుంది.

కాలిఫోర్నియాలో కథ తిరగబడుతుంది. రాష్ట్ర ఆదాయ పన్ను పై మెట్టు 13.3 శాతం. ఆస్తి పన్నుకు మాత్రం 1978లో ఓటర్లు పెట్టిన ముక్కుతాడు ఉంది: కొన్న ధర మీద ఒక శాతం, ఆ విలువ ఏటా రెండు శాతానికి మించి పెరగకూడదు. ఫలితం ఏమిటంటే, ఒకే వీధిలో ఒకేలాంటి రెండు ఇళ్లు ఉంటాయి. నలభై ఏళ్ల కిందట కొన్న పెద్దాయన కొద్దిగా కడతాడు. నిరుడు కొన్న మన తెలుగు జంట అంతకు ఎన్నో రెట్లు కడుతుంది. ముందు వచ్చినవాడు ఓటేసి, తర్వాత వచ్చేవాడి మీద భారం వేశాడు.

వీసా మీద ఉన్నవాళ్లు నిజంగా ఆలోచించాల్సింది జీతంలో కోసే 7.65 శాతం గురించి. అందులో 6.2 సామాజిక భద్రతకు, 1.45 వృద్ధుల వైద్యానికి. పింఛనుకు అర్హత రావాలంటే సాధారణంగా పదేళ్లు, అంటే 40 త్రైమాసికాల చందా నిండాలి. జర్మనీ, ఫ్రాన్స్, జపాన్ వంటి దేశాలతో మనకు, ఇలా కట్టిన చందా వృథా పోకుండా చూసే సామాజిక భద్రతా ఒప్పందాలున్నాయి, అమెరికాతో లేదు. ఆరేడేళ్లు కట్టి వీసా తెగి ఇంటికి వచ్చినవాడికి ఆ డబ్బులో పైసా రాదు. పైగా 6.2 శాతం కోత 2025లో 1,76,100 డాలర్ల జీతం దగ్గర ఆగిపోయింది. పది లక్షల డాలర్లు సంపాదించేవాడు కట్టేదీ అంతే. వచ్చే వారం ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మన కుర్రాడు, ఓటు లేకుండా, ఆ దేశపు ముసలివాళ్ల పింఛను మోస్తున్నాడు. దీన్ని అన్యాయం అనడానికి నేను సందేహించను.

విద్యార్థులకు ఇక్కడ కొంత వెసులుబాటు ఉంది. ఎఫ్-1 వీసా మీద మొదటి అయిదు క్యాలెండరు సంవత్సరాలు ఈ 7.65 శాతం కోయకూడదు. భారత్-అమెరికా పన్ను ఒప్పందం వల్ల మన విద్యార్థులు అక్కడివాళ్లలాగే స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలోంచి నేరుగా తీసేసే మొత్తం) తీసుకోవచ్చు. ఈ రెండూ తెలియక వదులుకున్నవాళ్లను చూశాను.

మరో మెలిక పాస్‌పోర్టుది. అమెరికా తన పౌరుడు ఏ దేశంలో ఉన్నా పన్ను లెక్క అడుగుతుంది. అక్కడ పుట్టి కూకట్‌పల్లిలో పెరిగిన మనవడికి ఆదాయం మొదలైన నాటి నుంచి ఆ బాధ్యత ఉంటుంది. తాతగారు ప్రేమగా వాడి పేరున మ్యూచువల్ ఫండ్లు కొంటారు, అమెరికా చట్టం వాటిని కఠినమైన పద్ధతిలో లెక్కిస్తుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల: ఆ పిల్లల పేర్ల మీద ఫండ్లు కొనకండి.

దుబాయ్: సున్నా ఎవరికి లాభం

ఆదాయ పన్ను సున్నా అన్నది నిజం. అద్దెలో అయిదు శాతం మాత్రం నీళ్లు, కరెంటు బిల్లులో కలిసి వస్తుంది. వస్తువుల మీద 2018 నుంచి అయిదు శాతం, కంపెనీల లాభాల మీద 2023 నుంచి తొమ్మిది శాతం. పిల్లలు ఉంటే ప్రైవేటు బడి తప్ప గతి లేదు. బడి ఫీజూ అద్దే కలిపితే అనుకున్న మిగులు కరిగిపోతుంది. పింఛను స్థానంలో ఉద్యోగం విడిచినప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ ఉంది: మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆపైన 30 రోజులది.

న్యాయం మాటకొస్తే, జగిత్యాల నుంచి వెళ్లిన తాపీ మేస్త్రీకి ఈ సున్నా వల్ల ఒరిగేది ఏమీ లేదు. అతని ఆదాయానికి ఇక్కడ కూడా పన్ను పడదు. లాభమంతా నెలకు ముప్పై వేల దిర్హాములు తీసుకునే మేనేజరుది. ఇద్దరికీ అక్కడ ఓటు లేదు, అడిగే అవకాశమూ లేదు. పొరుగున ఒమన్ 2028 నుంచి 42,000 రియాళ్లు దాటిన ఆదాయం మీద అయిదు శాతం పన్ను వేస్తానని 2025లో ప్రకటించింది. గల్ఫ్‌లో వ్యక్తుల ఆదాయ పన్ను ఇదే మొదటిది కాబోతోంది. సున్నా శాశ్వతం అనుకుని ఇరవై ఏళ్ల ప్రణాళిక వేయకండి.

దుబాయ్‌లో ఉంటూ హైదరాబాద్‌లో అద్దెలు, వడ్డీలు కలిపి ఏడాదికి 15 లక్షలు దాటేవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి. ప్రవాసి హోదా, అంటే మన పన్ను లెక్కలో విదేశంలో ఉండేవాడన్న గుర్తింపు, నిలవాలంటే ఏడాదిలో ఇక్కడికి వచ్చిపోయే రోజుల హద్దు వాళ్లకు 182 నుంచి 120కి తగ్గుతుంది.

బ్రిటన్, సింగపూర్, స్వీడన్

బ్రిటన్‌లో రేట్లు పెంచకుండా పన్ను పెంచే విద్య బాగా నేర్చారు. 2021 నుంచి పన్ను మెట్లను పెంచలేదు, 2031 వరకు అలాగే ఉంచుతామన్నారు. జీతం ధరలతో పాటు పెరుగుతుంది, మెట్టు పెరగదు, మనిషి తనకు తెలియకుండా పై మెట్టు ఎక్కుతాడు. లక్ష పౌండ్లు దాటాక కనీస మినహాయింపు కరుగుతూ రావడంతో ఒక ముక్క మీద పన్ను 60 శాతం పడుతుంది. మనవాళ్లకు గోరుచుట్టు మీద రోకటి పోటు వైద్య రుసుం. జీతంలో జాతీయ బీమా కోత పోను, ఉద్యోగ వీసా మీద వెళ్లే, పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకు సాధారణంగా తలకు ఏడాదికి 1,035 పౌండ్లు వీసాతోనే ముందుగా కట్టాలి. ఒకే ఆసుపత్రికి రెండు టికెట్లన్నమాట.

అయితే ఒక గొప్ప సదుపాయం ఉంది. కామన్వెల్త్ పౌరులు కాబట్టి, వీసా మీద చట్టబద్ధంగా అక్కడ ఉంటున్న భారతీయులకు పార్లమెంటు ఎన్నికల్లో కూడా ఓటు ఉంది. నల్గొండ నుంచి చదువుకోవడానికి వెళ్లిన అమ్మాయి నమోదు చేసుకుంటే బ్రిటన్ ఎంపీకి ఓటు వేయవచ్చు. పోలికలోని ఏ దేశమూ ఇంత చేయదు.

సింగపూర్ గురించి పొడుగ్గా చెప్పేది లేదు. ఆదాయ పన్ను తక్కువ, వాటాల లాభం మీద పన్ను లేదు. ఇల్లు కొనబోతే విదేశీయుడికి 60 శాతం అదనపు స్టాంపు సుంకం, అంటే కొనవద్దని చెప్పడమే. అద్దె మీకు పన్నుగా మారుతుంది.

స్వీడన్ మన ఊహలకు అందని దేశం. స్థానిక పన్ను సగటున 32 శాతం, ఒక స్థాయి దాటిన జీతం మీద కేంద్రానికి ఇంకో 20. ప్రతిఫలంగా బిడ్డ పుడితే తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజుల భత్యపు సెలవు, బడిలో ఉచిత భోజనం. మనకు "సుంకరి వద్ద సుఖదుఃఖాలు చెప్పుకున్నట్లు" అన్న సామెత ఉంది, పన్ను వసూలు చేసేవాడికి మన గోడు పట్టదని. అక్కడ పన్ను కార్యాలయానికి ఫోను చేసి పక్కింటాయన ఎంత ఆదాయం చూపించాడో ఎవరైనా అడగవచ్చు. అంత బాహాటంగా ఉంటే అనుమానానికి చోటు తగ్గుతుంది. అలాగని వాళ్లు హద్దు దాటలేదని కాదు. 1976లో పేరున్న ఒక పిల్లల రచయిత్రికి అదనపు ఆదాయం మీద 102 శాతం పన్ను పడింది. ఆమె వ్యంగ్యంగా ఒక కథ రాసింది, నలభై ఏళ్లకు పైగా అధికారంలో ఉన్న పార్టీ ఆ ఏడాదే ఎన్నికల్లో ఓడిపోయింది. వారసత్వ పన్ను 2004లో, సంపద పన్ను 2007లో ఎత్తేశారు. అక్కడ భారమంతా జీతం మీద, సంతలో కొనే సరుకు మీద. తాతల ఆస్తి ఉన్నవాడు హాయిగా ఉంటాడు.

ఎవరికి ఏది

చదువు అప్పు ఉండి, పెళ్లి కాక, మూడు నాలుగేళ్లు గట్టిగా సంపాదించి తిరిగి రావాలనుకునేవారికి దుబాయ్ లేదా సింగపూర్. పింఛను చందా పోగొట్టుకునే బెడద ఉండదు. ఒకరే సంపాదించే జంట ఎక్కువ కాలం ఉండగలిగితే టెక్సస్ బాగానే ఉంటుంది. ఇల్లు కొనే ముందు ఆస్తి పన్ను బిల్లు చూడాలి. ఇద్దరూ సంపాదిస్తూ, చిన్న పిల్లలుండి, అక్కడే స్థిరపడాలనుకుంటే స్వీడన్ వంటి దేశం లెక్కల్లో భయపెట్టినా జీవితంలో కలిసివస్తుంది. కానీ నాలుగేళ్లలో తిరిగి వచ్చేటట్లయితే అక్కడ కట్టడం పండని చెట్టుకు నీళ్లు పోయడమే. తల్లిదండ్రులు పెద్దవాళ్లయి ఇక్కడే ఉన్నవారికి నేను హైదరాబాదే చెబుతాను. మన పన్ను భారం మనం తిట్టుకునేటంత పెద్దది కాదు, తిట్టుకోవడానికి ఓటు కూడా ఉంది.

చాలా ఏళ్లు బయట ఉండి తిరిగి వచ్చేవారికి, సాధారణంగా మొదటి రెండు మూడేళ్లు విదేశీ ఆదాయం మీద ఇక్కడ పన్ను పడని హోదా దొరుకుతుంది. విదేశీ ఖాతాలు, షేర్లు ఏవైనా సర్దుకోవాలంటే ఆ గడువులోనే సర్దుకోండి. తర్వాత వాటిని రిటర్నులో చూపకపోతే పది లక్షల జరిమానా పడవచ్చు.

మా మేనల్లుడు ఇవన్నీ విని చివరికి దుబాయ్ అన్నాడు. అప్పు ముందు తీరాలట. "ఎప్పుడు చేరమన్నారు?" అని అడిగాను. అక్టోబరు మొదటి వారమట. వాడి చేత పెన్ను పట్టించి ఏప్రిల్ 1 నుంచి రోజులు లెక్కపెట్టించాను. ఉద్యోగానికి బయటికి వెళ్లేవాడు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజుల కంటే తక్కువ ఉంటేనే ప్రవాసి. అక్టోబరులో వెళ్తే 182 దాటిపోతాయి, మార్చి వరకు దుబాయ్‌లో వచ్చే జీతం ఇక్కడి పన్ను లెక్కలోకి వచ్చే ప్రమాదం ఉంది. సెప్టెంబరు మూడో వారంలో వెళ్లి, సంక్రాంతికి ఇంటికి రాకుండా ఉంటే రాదు.

"సంక్రాంతికి రాకపోతే అమ్మ ఊరుకోదు మామయ్యా" అన్నాడు. అయితే వినాయక నిమజ్జనం చూడకుండా సెప్టెంబరు మొదట్లోనే వెళ్లు, ఆ రోజులు సంక్రాంతికి వాడుకో అన్నాను. ఇప్పుడు ఆ కంపెనీకి చేరే తేదీ ముందుకు జరపమని ఉత్తరం రాస్తున్నాడు.